మీకు తెలుసా? బీచ్‌లోంచి కనిపించే సరుకు ఓడ తన గుట్టు తానే విప్పుతుంది

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట కాల్చిన మొక్కజొన్న పొత్తు పట్టుకుని సముద్రం వైపు చూడండి. నీళ్ళూ ఆకాశం కలిసేచోట నాలుగైదు ఓడలు ఎవరో పేర్చిపెట్టినట్టు నిలబడి ఉంటాయి. పక్కనున్న పిల్లాడు "అవి కదలవేంటి నాన్నా?" అంటాడు. నాన్న దగ్గర జవాబు ఉండదు గానీ ఫోన్ ఉంటుంది. ఓడల జాడ చూపించే యాప్ తెరిచి, ఆ ఓడ బొమ్మ మీద వేలు పెడితే చాలు. పేరు, జెండా, పొడవు, వెడల్పు, వేగం, ఎక్కడికి పోతోంది, అన్నీ వరసగా వచ్చేస్తాయి.

ఇదంతా పైనుంచి ఉపగ్రహం చూసి చెబుతోందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు, ఓడే తన గురించి తాను చెప్పుకుంటోంది. ఆ చెప్పుకునేదాంట్లో కొన్ని యంత్రం చెప్పే మాటలు, కొన్ని ఓడలో ఎవరో కూర్చుని టైపు చేసిన మాటలు. ఏవి ఏవో తెలిస్తే ఆ తెర చదవడంలో మజా వేరు.

సముద్రంలోనూ సీటు మీద కర్చీఫ్

ఓడలోని ఆ పరికరం పేరు ఏఐఎస్, ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. దేశాల మధ్య తిరిగే ఓడ 300 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉంటే 2004 చివరికల్లా ఇది పెట్టుకుని తీరాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. మన కాలక్షేపానికి కాదు లెండి, చీకట్లోనూ పొగమంచులోనూ ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా. దాని రేడియో శక్తి పన్నెండున్నర వాట్లు, వంటింట్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బు పాటిది. వేగంగా పోతున్న ఓడ రెండు సెకన్లకోసారి, నింపాదిగా పోయేది పది సెకన్లకోసారి తానెక్కడుందో చెబుతుంది. లంగరు వేసుకుంటే మూడు నిమిషాలకోసారి. పేరు, కొలతల్లాంటివి ఆరు నిమిషాలకోసారి.

ఇన్ని ఓడలు ఒకేసారి మాట్లాడితే సంతలో గోలలా ఉండదా? ఉండదు. ఒక్కో ఛానల్‌లో నిమిషాన్ని 2,250 ముక్కలు చేశారు. ప్రతి ఓడా ముందు వింటుంది, ఖాళీ ముక్క చూసుకుంటుంది, తర్వాత ఏ ముక్కలో మాట్లాడబోతోందో ముందే చెప్పి దాన్ని ఆపుకుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటామే, అచ్చం అలాగే. తేడా ఒకటే, ఇక్కడ కర్చీఫ్ తీసి పక్కన పారేసేవాళ్ళు ఉండరు.

ఈ రేడియో మాట భూమి వంపు దాటి పెద్దగా పోలేదు. ఒడ్డున ఎత్తు మీద యాంటెన్నా ఉంటే 40 నాటికల్ మైళ్ళ దాకా వినిపించవచ్చు. నడి సముద్రంలో ఉన్న ఓడ మాటలను మాత్రం ఉపగ్రహాలు పట్టుకుంటాయి. అక్కడా ఉపగ్రహం చేసే పని వినడమే.

91 డిగ్రీల అక్షాంశం

భూగోళం మీద అక్షాంశం 90 దగ్గర, ధ్రువంతో ఆగిపోతుంది. ఏఐఎస్‌లో మాత్రం 91 ఉంది. రేఖాంశం 181 కూడా ఉంది. "నేనెక్కడున్నానో నాకే తెలీదు" అని ఆ పరికరం చెప్పే పద్ధతి అది. వేగం తెలీకపోతే 102.3 నాట్లు అని పంపుతుంది. అంత వేగంగా పోయే సరుకు ఓడ లోకంలో లేదు. బొగ్గు, ఖనిజం మోసే ఓడలు సాధారణంగా 12 నుంచి 14 నాట్లతో పోతాయి, అంటే గంటకు పాతిక కిలోమీటర్లు. ఊళ్ళో సైకిల్ కాస్త గట్టిగా తొక్కితే ఒడ్డున మీరే ముందుంటారు.

మనిషి టైపు చేసే మాటలు

స్థానం, వేగం, దిశ ఓడలోని జీపీఎస్, దిక్సూచి యంత్రాల నుంచి వస్తాయి. ఎక్కడికి పోతోంది, ఎప్పుడు చేరుతుంది, నీళ్ళలో ఎంత లోతు మునిగి ఉంది, లంగరు వేసిందా నడుస్తోందా అన్నవి చేత్తో కొట్టాల్సినవి. గమ్యం దగ్గర ఐఎన్, వీటీజెడ్ అని కనిపిస్తే అది విశాఖ. విమానం టికెట్టు మీద వీటీజెడ్ చూసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఒక్కోసారి గమ్యం బదులు 'ఫర్ ఆర్డర్స్' అని ఉంటుంది. ఎటు పోవాలో ఇంకా కబురు రాలేదని దానర్థం.

మరచిపోవడమూ మామూలే. లంగరు వేసి గంటలు గడిచినా 'ఇంజన్ మీద నడుస్తోంది' అనే చూపించే ఓడలు బోలెడు. వేగం సున్నా, స్థితి 'నడుస్తోంది' అని ఉంటే సున్నానే నమ్మండి.

ఇంకో చిత్రం. ఏఐఎస్‌లో 70 నుంచి 79 దాకా సంఖ్యలన్నీ 'కార్గో' కిందికే వస్తాయి. బొగ్గు లాంటి సరుకును విడిగా పోసుకుని మోసే బల్క్ ఓడ, కంటైనర్ల ఓడ రెండూ అక్కడ ఒకటే. యాప్ 'బల్క్ క్యారియర్' అని చూపిస్తే ఆ మాట రేడియోలో వచ్చింది కాదు, యాప్‌వాళ్ళు ఓడల రిజిస్టర్లు చూసి కలుపుకున్నది.

చచ్చేదాకా మారని ఏడంకెలు

ఓడ అమ్ముడుపోతే పేరు మారుతుంది. జెండా మారుతుంది. జెండాతో పాటు రేడియోలో వాడే తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ నంబరూ మారుతుంది, ఎందుకంటే అందులో మొదటి మూడంకెలు దేశానివి. మనకు 419, లైబీరియాకు 636, మార్షల్ దీవులకు 538. మారనిది ఐఎంఓ నంబరు ఒక్కటే. పుట్టినప్పుడు ఇచ్చిన ఆ ఏడంకెలు తుక్కుకు పోయేదాకా ఓడతోనే ఉంటాయి. ఒంటి మీద చెరగకుండా చెక్కాలి కూడా.

అందులో ఓ చిన్న లెక్క దాగి ఉంది. 'వకాషియో' అనే బల్క్ ఓడ నంబరు 9337119. మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేయండి. 63, 18, 15, 28, 3, 2 వస్తాయి. కూడితే 129. చివరి అంకె 9, నంబరులోని ఏడో అంకె కూడా 9. ఈ లెక్క తప్పితే నంబరు ఎవరో తప్పు రాశారు, లేదా కల్పించారు. కాగితం, పెన్సిలు ఉంటే మీరే తేల్చేయొచ్చు.

లోకమంతా చూస్తుండగానే

ఆ వకాషియో సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. 2007లో కట్టిన ఓడ. పొడవు దాదాపు 300 మీటర్లు, వెడల్పు 50 మీటర్లు, మోసే బరువు 2,03,000 టన్నుల పైమాటే. యజమాని జపాన్ కంపెనీ, జెండా పనామాది. 2020 జులైలో చైనా నుంచి బ్రెజిల్‌కు ఖాళీగా బయల్దేరింది. జులై 25 రాత్రి మారిషస్ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ ఎక్కేసింది. అందులో సుమారు 4,000 టన్నుల ఇంధనం ఉంటే ఆగస్టు మొదటి వారంలో వెయ్యి టన్నుల దాకా సముద్రంలో కలిసింది. ఆగస్టు 15న ఓడ రెండు ముక్కలైంది.

కారణం వింటే నోట మాట రాదు. ఫోన్ సిగ్నల్ కోసం, సిబ్బంది ఇళ్ళకు మాట్లాడుకోవడానికి, ఒడ్డుకు దగ్గరగా పోనిచ్చారని విచారణలో బయటపడింది. ఓడలో ఆరోజు పుట్టినరోజు వేడుక కూడా నడిచింది. కెప్టెన్‌కూ, ప్రధాన అధికారికీ మారిషస్ కోర్టు 20 నెలల శిక్ష వేసింది.

ఓడ తన స్థానాన్ని సెకన్ల లెక్కన చెబుతూనే ఉంది. దీవి వైపు తిన్నగా పోతున్న ఆ గీత తెర మీద పడుతూనే ఉంది. నా ఉద్దేశంలో ఏఐఎస్ గురించి ఇంతకంటే చెప్పాల్సిన మాట లేదు. అది కబురు చెబుతుంది గానీ చుక్కాని తిప్పదు.

ఆ దీవికీ మనకూ చుట్టరికం ఉంది. గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడుంది. వాళ్ళను అక్కడ చాలాకాలం కోరంగీలనే పిలిచారు.

టన్ను అంటే ఒకప్పుడు పీపా

యాప్‌లో రెండు రకాల 'టన్నులు' కనిపించి తికమక పెడతాయి. డెడ్‌వెయిట్ అంటే ఓడ మోయగలిగే మొత్తం బరువు. సరుకు, ఇంధనం, తాగునీరు, మనుషులు, ఉప్పూ పప్పూ అన్నీ కలిపి. గ్రాస్ టన్నేజీ అసలు బరువే కాదు, ఓడ లోపలి జాగాను ఒక సూత్రంలో వేసి తీసిన అంకె. పత్రికల్లో "ఇన్ని గ్రాస్ టన్నుల బరువున్న ఓడ" అని రాస్తుంటారు, అది తప్పు. పూర్వం ఐరోపాలో ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో లెక్కేసి సుంకం కట్టించుకునేవారు. ఆ పీపా పేరు 'టన్'. బరువు పేరులా వినిపించే మాట జాగా కొలతగా మిగిలిపోవడానికి మూలం అదే.

ఊళ్ళ పేర్లతో ఓడలు

చీరల్లో వెంకటగిరి, ఉప్పాడ ఉన్నట్టు ఓడల్లోనూ ఊరి పేర్లున్నాయి. పనామా కాలువ పాత లాకుల వెడల్పు 33.5 మీటర్లు. అందులో పట్టేలా 32.3 మీటర్ల వెడల్పుతో కట్టినవి పనామాక్స్‌లు. ఒక్కోవైపు రెండడుగుల సందు, అంతే. గినీ దేశంలో బాక్సైట్ ఎగుమతి చేసే కామ్‌సర్ రేవులో 229 మీటర్ల కంటే పొడవున్న ఓడ పట్టదు. ఆ కొలతకు సరిగ్గా కట్టిన 82,000 టన్నుల ఓడ కామ్‌సర్‌మాక్స్. ఒకప్పుడు ఏ కాలువలోనూ పట్టక ఖండాల కొసలు చుట్టి పోవాల్సి వచ్చినవి కేప్‌సైజ్‌లు.

అందరికంటే పెద్దన్న వేల్‌మాక్స్. 4 లక్షల టన్నులు, 362 మీటర్ల పొడవు, 65 మీటర్ల వెడల్పు. ఈఫిల్ టవర్‌ను దాని మీద పడుకోబెట్టినా ఇంకా పొడవు మిగులుతుంది. బ్రెజిల్ ఇనుప ఖనిజాన్ని చైనాకు చేర్చాలని కట్టించారు. 2011లో మొదటిది తయారై బయల్దేరితే చైనాకు పోనే లేదు, దారి మార్చి ఇటలీలో సరుకు దించింది. మరుసటి ఏడాది చైనా అంత పెద్ద ఓడలను తన రేవుల్లోకి రానివ్వనంది. చాలాకాలానికి గానీ మెత్తబడలేదు.

నిండా ఇనుము, సగం ఖాళీ

ఇనుప ఖనిజం నింపుకున్న ఓడలోకి తొంగిచూస్తే గదులు చాలావరకు ఖాళీగా కనిపిస్తాయి. టన్ను బొగ్గుకు ఘనపు మీటరు పైన జాగా కావాలి, టన్ను ఇనుప ఖనిజానికి అందులో సగం కూడా అక్కర్లేదు. గది నిండకముందే బరువు నిండిపోతుంది. బల్క్ ఓడ లోపలి గదిని హోల్డ్ అంటారు. పనామాక్స్‌కు సాధారణంగా ఏడు, కేప్‌సైజ్‌కు తొమ్మిది. ఖనిజాన్ని చాలాసార్లు ఒకటి విడిచి ఒకటిలో పోస్తారు, మధ్యవి పూర్తి ఖాళీ.

తక్కెడ లేకుండా తూకం

డెబ్బై వేల టన్నుల సరుకును ఎలా తూస్తారు? ఓడనే తక్కెడ చేస్తారు. లోడింగ్‌కు ముందూ, అయ్యాకా సర్వేయర్ చిన్న పడవలో ఓడ చుట్టూ తిరుగుతాడు. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా మొత్తం ఆరుచోట్ల తెల్ల రంగుతో అంకెలు రాసి ఉంటాయి. ఒక్కో అంకె 10 సెంటీమీటర్ల ఎత్తు, అంకెకీ అంకెకీ మధ్య 10 సెంటీమీటర్ల ఖాళీ. అల పైకి లేచి కిందికి దిగుతుంటే, ఆ రెంటికీ నడుమ నీటి గీత ఏ అంకె మీదుందో కళ్ళు చికిలించి చూసి పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాత బకెట్‌తో సముద్రపు నీళ్ళు తోడి హైడ్రోమీటర్ వేసి సాంద్రత చూస్తాడు, ఉప్పు తగ్గితే ఓడ ఇంకాస్త మునుగుతుంది కాబట్టి. పనామాక్స్ ఓడ ఒక్క సెంటీమీటరు మునిగిందంటే 65, 70 టన్నుల సరుకు ఎక్కినట్టు. అంటే పెద్ద లారీలు రెండుమూడు. సర్వేయర్ కన్ను వేలి మందం తప్పితే అంత తేడా వస్తుంది. కోట్ల రూపాయల బిల్లు ఆ పడవలో నిలబడ్డ మనిషి చూపు మీద నడుస్తుందంటే నమ్మశక్యం కాదు గానీ నిజం.

ఓడ పక్కన నడిమధ్యలో ఒక వలయం, దాన్ని కోస్తూ అడ్డగీత కనిపిస్తాయి. అంతకు మించి ముంచకూడదనే హద్దు అది. ఓవర్‌లోడు చేసి నావికులను చంపుతున్నారని బ్రిటన్ పార్లమెంటులో శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాడితే 1876లో చట్టమైంది. వలయానికి అటూ ఇటూ రెండక్షరాలుంటాయి. అవి ఓడను పరీక్షించిన సంస్థవి. ఐ, ఆర్ ఉంటే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్. ఎన్, కె ఉంటే జపాన్‌ది. ఎల్, ఆర్ ఉంటే లాయిడ్స్.

మట్టి నీరైపోతే

బల్క్ ఓడ నావికులకు తుపాను కంటే భయం సరుకు లోపలి తడి. మెత్తటి ఇనుప ఖనిజం పొడి, నికెల్ ఖనిజం, కొన్ని రకాల బాక్సైట్ చూడటానికి పొడి మట్టిలాగే ఉంటాయి. లోపల తేమ ఎక్కువై, రోజుల తరబడి ఇంజను అదురు, అలల కుదుపు పడితే, రేణువుల మధ్య నీరు పైకి నెట్టుకొచ్చి మొత్తం గుట్ట బురదలా ఒక పక్కకు జారుతుంది. ఓడ ఒరిగాక నిమిషాల్లో కథ ముగుస్తుంది. 2009 వర్షాకాలంలో మన దేశపు తీరంలోనే రెండు ఓడలు, మంగళూరు దగ్గర 'ఏషియన్ ఫారెస్ట్', పారదీప్ దగ్గర 'బ్లాక్ రోజ్', ఇనుప ఖనిజం పొడితో మునిగాయి. 2015 జనవరి 2న వియత్నాం తీరంలో బాక్సైట్‌తో పోతున్న 'బల్క్ జూపిటర్' మునిగితే 19 మందిలో ఒక్కడే బతికాడు.

దీన్ని ఓడ మీదే చూసుకునే పరీక్ష ఒకటుంది. ఒక డబ్బా తీసుకుని సగం దాకా సరుకు పోయాలి. గట్టి నేల మీద జానెడు ఎత్తు నుంచి పాతికసార్లు టకటకా కొట్టాలి. పైన నీటి చెమ్మ మెరిసినా, బురదలా కదిలినా ఆ సరుకు ఎక్కించకుండా ల్యాబ్‌కు పంపాలి. చెమ్మ కనిపించనంత మాత్రాన క్షేమమని కూడా కాదు. వేల టన్నుల ఓడ, పాతిక మంది ప్రాణాలు, తొలి కాపలా ఒక డబ్బా.

అరకు రైలు అసలు ఎందుకు పుట్టింది?

అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు పోతామే, ఆ కొత్తవలస, కిరండూల్ లైను యాత్రికుల కోసం వేసింది కాదు. 1960లలో జపాన్ సాయంతో, బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించి జపాన్ ఉక్కు మిల్లులకు ఓడల్లో పంపడానికి వేశారు. ఆ ఖనిజానికి వచ్చే పెద్ద ఓడలు లోపలి హార్బర్‌లో పట్టవు గనుకే 1970లలో విశాఖకు ఔటర్ హార్బర్ కట్టారు. బొర్రా గుహల పక్కనుంచి పోయే గూడ్సు బండికీ, బీచ్‌లోంచి కనిపించే ఓడకూ ఉన్న ముడి ఇది.

గబగబా మరో మూడు

ఓడను అరెస్టు చేస్తారు. మాట వరసకు కాదు, 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం తీరప్రాంత హైకోర్టులు ఓడ మీదే కేసు నడిపి కదలకుండా నిలబెట్టొచ్చు. జీతాలు రాని నావికులు కూడా అలా తమ ఓడను పట్టించవచ్చు.

బల్క్ ఓడల కిరాయి ఎంత పలుకుతోందో చెప్పే బాల్టిక్ డ్రై ఇండెక్స్ 2008 మే నెలలో 11,793కు ఎగబాకి, అదే ఏడాది డిసెంబరులో 663కు పడింది. ఏడు నెలల్లో.

2020 అక్టోబరు 13న వాయుగుండం గాలికి లంగరు నిలవక విశాఖ తెన్నేటి పార్కు రాళ్ళెక్కిన బంగ్లాదేశ్ ఓడ 'ఎంవీ మా' పొడవు 80 మీటర్లే. దాన్ని చూసి "అబ్బో ఎంత ఓడో!" అనుకున్నాం. కేప్‌సైజ్ ఓడలో అలాంటివి మూడున్నర వరసగా పడతాయి.

ఇంతకీ అవి కదలవేంటి?

బెర్తు ఖాళీ లేక. రేవు దగ్గరికి రాగానే కెప్టెన్ 'మేం సిద్ధం' అని నోటీసు ఇస్తాడు. ఆ నోటీసును బట్టే గడియారం మొదలవుతుంది. ఒప్పందంలో రాసుకున్న సమయం దాటితే ఓడను కిరాయికి తీసుకున్నవాళ్ళు రోజుకింత అని డెమరేజి కట్టాలి. బీచ్‌లోంచి చూస్తే ఓడ నిద్రపోతున్నట్టుంటుంది, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈసారి బీచ్‌కు పోయినప్పుడు ఫోన్ తీయకముందు ఓడ అడుగు చూడండి. నాచు, గవ్వలు పట్టకుండా కింద పూసే రాగి కలిసిన రంగు చాలా ఓడలకు ఎర్రగా ఉంటుంది. ఎరుపు వెడల్పుగా కనిపిస్తే ఓడ ఖాళీ, సరుకు కోసం వచ్చింది. ఎరుపు నీళ్ళలోకి పోయి పైన నలుపో నీలమో మాత్రమే కనిపిస్తే బరువుతో వచ్చింది. ఆ తర్వాత యాప్ తెరిచి డ్రాఫ్ట్, అంటే ఓడ మునిగిన లోతు, అంకె చూడండి. రెండూ కలవకపోతే, ఓడలో ఎవరో ఆ అంకె మార్చడం మరిచిపోయారు.